ఒకటి, మూడు, నాలుగు, రెండు

పుస్తకాల అర సర్దుడు గురించి పోయిన వారం మొదలుపెట్టి, మిగతాది ఈ వారం అన్నాను. అది ఇంకో వారం ఆగుతుంది. శనివారం నాన్నను ఈస్టర్న్ క్రీక్‌లో పాత కార్ల రేసులకు తీసుకెళ్ళాను. ముందు అది రాయాలి.

నాన్న వచ్చి రెండు నెలలైంది. ఊర్నుంచి వచ్చిన పెద్దవాళ్ళకి కెల్లీవిల్‌లో పొద్దుపోవడం ఎంత కష్టమో ఇక్కడుండే వాళ్ళకి చెప్పక్కర్లేదు. మేం ఆఫీసులకి, పాప బడికి వెళ్ళాక వీధిలో మనిషి కనపడడు. గరాజ్ తలుపు లేస్తుంది, కారు బయటికొస్తుంది, తలుపు దిగుతుంది. "ఈ ఊళ్ళో కార్లే కాపరం ఉండాయా ఏంది?" అన్నారొక రోజు. నా కారు బానెట్ ఎత్తి చూపించమన్నారు. ఎత్తితే పైనంతా ప్లాస్టిక్ మూత. "ఇంజనేదిరా?" అన్నారు. హైబ్రిడ్ అంటే ఏమిటో చెప్పబోయేలోపే బానెట్ దించేసి లోపలికి వెళ్ళిపోయారు.

నాన్న ముప్పయ్యేళ్ళు నాయుడుపేటలో టాక్సీ తోలారు. సెకండ్ హ్యాండులో కొన్న మార్క్ 3 అంబాసిడర్. కాళహస్తి, తిరుపతి, మద్రాసు, పెళ్ళిళ్ళు, ఆస్పత్రులు. ఎండాకాలం పెట్రోలు పంపు వేడెక్కి బండి ఆగిపోతే, దాని మీద తడిగుడ్డ వేసి వేపచెట్టు కింద కూర్చోవడం నాకు బాగా గుర్తు.

మా ఇంటి నుంచి ట్రాక్‌కి ఎమ్7 మీద అరగంట కూడా పట్టదు. 1990లో మొదలైంది, ఇప్పుడు సిడ్నీ మోటర్‌స్పోర్ట్ పార్క్ అంటున్నారు. చుట్టు 3.93 కిలోమీటర్లు. ఒకప్పుడైతే అంతదూరం పోనక్కర్లేదు, మా పక్కనే అనన్‌గ్రోవ్‌లో అమరూ పార్క్ అని ఇంకో చిన్న ట్రాక్ ఉండేది. 1967 నుంచి 1998 దాకా నడిచింది. నేను వారానికి రెండుసార్లు ఆ దారినే పోతుంటాను, ఈ సంగతి తెలిసింది మాత్రం మొన్ననే.

ఈ పాత కార్ల పోటీల్లో నాకు నచ్చిందేమిటంటే, టిక్కెట్టు కొన్నవాళ్ళు కార్లు నిలిపే చోట కూడా తిరగొచ్చు. తాళ్ళు కట్టి "ముట్టరాదు" అని బోర్డు పెట్టే మ్యూజియం కాదు. అరవయ్యేళ్ళ కారు కింద డెబ్భయ్యేళ్ళ మనిషి పడుకుని స్పానర్ అడుగుతుంటాడు. టూరింగ్ కార్లను వయసును బట్టి జట్లు చేస్తారు: 1957 దాకా ఒకటి, 1964 దాకా ఒకటి, 1972 దాకా ఒకటి. పెద్ద మస్టాంగ్ వెనక చిన్న మినీ పడింది. తిన్నటి రోడ్డు మీద మస్టాంగ్ అందదు, మలుపు రాగానే మినీ దాని తోక పట్టుకుంటుంది. "ఆ పొట్టిది వదల్దురా!" అంటూ నాన్న లేచి నిలబడ్డారు.

ఆయనకి రేసులు కొత్త కాదట. ఎనభైల్లో ఒక పార్టీని షోలవరం తీసుకెళ్ళారట. మద్రాసు శివార్లలో, రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే మీద మద్రాస్ మోటర్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్ళు పోటీలు పెట్టేవాళ్ళు. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో కొత్త ట్రాక్ వచ్చేదాకా మన దక్షిణాదిలో రేసంటే షోలవరమే. "మన అంబాసిడర్లు కూడా పరిగెత్తేవి" అన్నారు. ఇన్నేళ్ళలో ఈ సంగతి నాతో ఒక్కసారీ చెప్పలేదు. నేనూ అడగలేదనుకోండి.

"గెలిస్తే ఎంతిస్తారు?"

"డబ్బులేం ఉండవు నాన్నా. ఒక కప్పు ఇస్తారు."

"పెట్రోలు?"

"సొంతమే."

"టైర్లు?"

"అవీ సొంతమే."

"ఇంజను పోతే?"

నేను మాట్లాడలేదు. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు గూడూరు దగ్గర మా ఇంజను సీజైంది. అమ్మ గొలుసు తాకట్టుకెళ్ళింది. పాత డీజిల్ ఇంజనొకటి వెతికి వేయించేదాకా మూడు నెలలు ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఇక్కడ మనుషులు సరదాకి ఇంజన్ని ఎర్రగీత దాకా తొక్కుతుంటే, నాన్న పాదం కింద లేని బ్రేకు వెతుక్కోవడం నేను చూశాను.

మధ్యాహ్నం ఒక ఎంజీఏ దగ్గర ఆగిపోయారు. రెండే సీట్ల చిన్న బండి, బానెట్ ఎత్తి ఉంది. ఒక నిమిషం వంగి చూసి, "ఇది మన ఇంజనేరా!" అన్నారు. నేను నమ్మలేదు. ఫోన్ తీసి చూశాను. నిజమే. రెండూ బీఎంసీ వాళ్ళ బీ సిరీస్ కుటుంబం, మొదటి ఎంజీఏలకీ అదే 1489 సీసీ. లండన్ కుర్రకారు షికార్లకెళ్ళిన ఇంజనూ, మా ఊరి పెళ్ళివాళ్ళను పదిమందిని మోసిన ఇంజనూ దాయాదులే. "కార్బురేటర్లు రెండు పెట్టాడే, మనదానికి ఒకటే" అని వేలితో చూపించారు.

ఆ బండి ఆసామీ నాన్న కంటే పెద్దవాడిలా ఉన్నాడు. నాన్నకి ఇంగ్లీషు టాక్సీకి సరిపడా వచ్చు. వేళ్ళు మడుస్తూ "ఒన్, త్రీ, ఫోర్, టూ" అన్నారు. సిలిండర్లు మండే వరస. ఆయన నవ్వి, తన వేళ్ళతో అదే వరస చూపించి, ఇంజను స్టార్ట్ చేశాడు. నాన్న రెక్క మీద అరచెయ్యి ఆనించి విన్నారు. "టాపెట్లు వదులుగా ఉండాయని చెప్పు." చెప్పాను. కావాలనే అలా ఉంచానన్నాడాయన. "అదీ నిజమే. బిగిస్తే వాల్వు కాలిపోద్ది" అని నాన్న తలూపారు. ఆ తర్వాత పావుగంట వాళ్ళిద్దరికీ నేను అడ్డమే.

ఉన్నట్టుండి ఆయన నన్ను అడిగాడు, మీ నాన్నగారి కారు ఇప్పుడెక్కడుంది అని. అమ్మేశామన్నాను. నాన్నకి ఆ ముక్క అర్థమైంది. "కాటాకేశామని చెప్పు" అన్నారు.

వేయించింది నేనే. 2011లో. ఉద్యోగం వచ్చి ఏడాదైంది, సంబంధాలు వస్తున్నాయి, వాకిట్లో ఆ పసుపూ నలుపూ బండి ఉంటే నాకేదోలా ఉండేది. రోడ్డు మీద ఇంకా తిరిగే బండిని ఇనప సామాన్లవాడు తూకానికి పట్టుకెళ్ళాడు. ఆ ఇంజనులో ఇంకో ఐదేళ్ళ ప్రాణముందని నాన్న అప్పుడు ఒక్కసారే అన్నారు. నేను వినిపించుకోలేదు.

తూకానికి అమ్మామని ఇంగ్లీషులో చెప్పాను. ఆయన గడ్డం గోక్కుని "వాట్ ఎ షేమ్" అన్నాడు. అయ్యో పాపం అన్నట్టు, ఇక్కడ అందరూ రోజుకి పదిసార్లు అనే మాట.

కానీ షేమ్ అంటే నాన్నకి తెలిసింది ఒకటే అర్థం. ఆయన నావైపు చూసి, మెల్లగా అడిగారు:

"ఈయనకెట్టా తెలిసిందిరా?"

ఆ మాటకి అర్థం అది కాదని చెప్పొచ్చు. చెప్పలేదు.

సాయంత్రం కారెక్కాక, రేపు కూడా ఉందా అని అడిగారు. ఉందన్నాను. ఆదివారం నాకు ఆఫీసు పని కొంచెముంది. లాప్‌టాప్ తెరవలేదు. ఎనిమిదింటికల్లా ఆయన టోపీ పెట్టుకుని, ఫ్లాస్కులో కాఫీ పోయించుకుని, గరాజ్ తలుపు ముందు నిలబడి ఉన్నారు.