పాస్‌వర్డ్ కాపీ చేశారా? అది ఇంకా అక్కడే ఉండొచ్చు

విండోస్ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంటే ఓసారి విండోస్ కీ పట్టుకుని ‘వి’ నొక్కండి. క్లిప్‌బోర్డ్ హిస్టరీ ఆన్‌లో ఉంటే, కాసేపటి క్రితం కాపీ చేసినవన్నీ వరుసగా కనిపిస్తాయి. వాటిలో పాస్‌వర్డ్ ఉంటే చుక్కలుగా కాదు, అక్షరాలతో సహా కనిపిస్తుంది.

2018 అక్టోబర్ అప్‌డేట్‌తో విండోస్ 10కి వచ్చిన ఫీచర్ ఇది. 25 ఐటమ్స్ దాకా దాస్తుంది. మంచి ఫీచరే, ఆఫ్ చేసేయమని నేను చెప్పను. కానీ “పేస్ట్ చేశాక ఇంకేదైనా కాపీ చేయండి, పాస్‌వర్డ్ పోతుంది” అనే పాత టిప్ ఇంకా తిరుగుతూనే ఉంది. హిస్టరీ ఆన్‌లో ఉంటే అది పోదు, లిస్ట్‌లో ఓ మెట్టు కిందికి దిగుతుందంతే. సింక్ కూడా ఆన్ చేసుంటే మీ రెండో పీసీకీ చేరొచ్చు.

ఈ విషయంలో ఫోన్లే నయం. ఆండ్రాయిడ్ 10 నుంచి బ్యాక్‌గ్రౌండ్‌లో ఉన్న మామూలు యాప్‌లు క్లిప్‌బోర్డ్ చదవలేవు. ఐఓఎస్ 16 అయితే ముందు మిమ్మల్ని అడుగుతుంది. విండోస్‌లో మామూలు డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ ఎవరినీ అడగక్కర్లేదు. క్రాక్డ్ గేమ్‌తో పాటు వచ్చిన ఫైల్ కూడా!

కీపాస్ లాంటి మేనేజర్ కాపీ చేసిన పాస్‌వర్డ్‌ని 12 సెకన్లలో చెరిపేస్తుంది, హిస్టరీలో పెట్టొద్దని విండోస్‌కి చెబుతుంది కూడా. నోట్‌ప్యాడ్ నుంచో వాట్సాప్ వెబ్ నుంచో కాపీ చేస్తే అది పాస్‌వర్డ్ అని విండోస్‌కి ఎలా తెలుస్తుంది? అందుకే నా ఓటు ఆటోఫిల్‌కే. అది సైట్ అడ్రస్ చూసి నింపుతుంది. నకిలీ పేజీ అయితే నింపదు. అదే కాపీ పేస్ట్ అయితే మన చేత్తో మనమే దొంగకి ఇచ్చేస్తాం.

ఇక సెక్యూరిటీ పేరుతో పేస్ట్‌నే బ్లాక్ చేసే సైట్లంటే నాకు ఒళ్లు మంట. 20 అక్షరాల పాస్‌వర్డ్‌ని ఎవరు టైప్ చేస్తారు? పేరు పక్కన 123 తగిలిస్తారు. పేస్ట్‌కి అనుమతివ్వాలని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే సూచించింది.

ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్ల కోసం నెట్ సెంటర్‌కి వెళ్లేవాళ్లకి ఒక మాట. మీ తర్వాత ఆ కుర్చీలో కూర్చునేవాడికి కంట్రోల్ వి నొక్కితే చాలు. లేచే ముందు విండోస్ కీ, వి కలిపి నొక్కి ‘క్లియర్ ఆల్’ కొట్టండి. పొరపాటున పిన్ చేసినవి ఉంటే దాంతో పోవు, రీస్టార్ట్ చేసినా పోవు. వాటిని విడిగా డిలీట్ చేయాలి.