తూకము లేని మందు

తొలకరికి బీళ్లు పచ్చబడును. ఆ పచ్చికతోడనే నట్టలును గొర్రెల కడుపు జేరును. పెంటికలతో నేలబడిన గ్రుడ్లు చెమ్మలో పొదిగి, పిల్లలు గడ్డిపరకల కెగబ్రాకి, మేతతో మరల లోనికి బోవును. వీనిలో రక్తము పీల్చు నట్ట మిక్కిలి క్రూరమైనది. కనురెప్పల లోపలి భాగము తెల్లబడి, దవడ క్రింద నీరు దిగిన పిమ్మటగాని కాపరి రోగమును గుర్తింపడు.

2019వ సంవత్సరపు పశుగణనలో గొర్రెల సంఖ్యకు తెలంగాణ ప్రథమస్థానమును, ఆంధ్రప్రదేశ్ ద్వితీయస్థానమును పొందినవి. రెండింటను గలిపి మూడున్నర కోట్లకు పైబడి యుండెను. గొల్ల, కురుమ కుటుంబములకు మందయే పొలము, మందయే ధనాగారము. ప్రభుత్వ పశువైద్యశాఖలు నట్టల మందును ఉచితముగ పోయించుటయు కలదు. మందున్నది, పోయువారున్నారు, లేనిది తూకము.

మాంసమును తూచి అమ్ముదుము. మందును మాత్రము కంటి అంచనాతో పోయుదుము. మందయంతటికి నొక్కటే కొలత! లెక్క కష్టమైనది కాదు. గుండ్రని నట్టలకు ఆల్బెండజోల్ గొర్రె బరువు కిలో ఒక్కింటికి 5 మిల్లీగ్రాములు. కార్జపు జలగకు 7.5. నూటికి 2.5 పాళ్ల ద్రావణమున మిల్లీలీటరునకు 25 మిల్లీగ్రాముల మందుండును. కావున గుండ్రని నట్టలకై 15 కిలోల పిల్లకు 3 మిల్లీలీటర్లు, 40 కిలోల పొట్టేలునకు 8 మిల్లీలీటర్లు వలయును. అన్నిటికి 5 చొప్పున పోసినచో పొట్టేలునకు జేరునది ఎనిమిదింట ఐదు పాళ్లే.

ఈ కొరతయే అసలు ముప్పు. బలహీనమైన నట్టలు చచ్చును. మందు నోర్చినవి బ్రదికి, వాని సంతతియే బీడంతయు నిండును. థయాబెండజోల్ 1961లో వెలువడగా, 1964 నాటికే దానికి లొంగని నట్టలు గొర్రెలలో కనబడినవి. ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా దేశములలో పెక్కు మందలయందు ఒకటికి మించిన మందులు వ్యర్థమైనవి. ఆ దుస్థితి మన వాకిట నిలుచువరకు వేచియుందుమా?

మేకను చిన్న గొర్రెగ నెంచుట మఱియొక పొరపాటు. మేక శరీరము ఆల్బెండజోల్ జాతి మందులను త్వరగ వెలికి నెట్టును. కావుననే పశువైద్యులు దానికి గొర్రె మోతాదునకు సుమారు రెట్టింపు విధింతురు. అట్లని ప్రతి మందును రెట్టింపరాదు. లెవమిసోల్ హద్దు మీరినచో జీవము చొంగ కార్చి, వణకి, చచ్చుటయు గలదు. చూలి గొర్రెకు తొలి నెలలో ఆల్బెండజోల్ తగదు. వైద్యుని మాట యిచట తప్పనిసరి.

ఇన్నూరు జీవములను తూచుటకు తీరికెక్కడిదని కొందరందురు. అన్నిటిని తూచనక్కరలేదు. పిల్లలను, గొర్రెలను, పొట్టేళ్లను వేరుచేసి, ఒక్కొక్క గుంపులో మిక్కిలి బరువైన దానిని తూచి, ఆ కొలతనే ఆ గుంపునకు పోసిన చాలును. త్రాసు లేనిచోట టేపుతో ఛాతీ చుట్టుకొలతను, భుజము మొదలు పిరుదు వరకు నిడివిని అంగుళములలో కొలువవలెను. చుట్టుకొలతను దానితోడనే గుణించి, నిడివిచే మరల గుణించి, 660చే భాగించిన కిలోల బరువు సుమారుగ తేలును. చుట్టు 30, నిడివి 25 అయినచో బరువు 34 కిలోలు.

మేము కోరునవి మూడు. ప్రతి గ్రామ పశువైద్య కేంద్రమున నొక వ్రేలాడు త్రాసు, గోనెజోలె యుండవలెను. సీసాపై బరువు ననుసరించిన మోతాదు పట్టిక తెలుగులో నుండవలెను. మందు పోయుటకు ముందును, పోసిన 14 దినములకును పెంటికలలోని గ్రుడ్లను లెక్కించవలెను. నూటికి 95 పాళ్లైన తగ్గనిచో లోపము కొలతదో మందుదో వైద్యుడు నిర్ణయింపవలెను.

బీడు ఉమ్మడిది, నట్టయు ఉమ్మడిదే. ఒకడు మిగిల్చుకొన్న రెండు మిల్లీలీటర్ల వెలను ఊరి మందలన్నియు చెల్లించును. మందు యొక్క శక్తి గ్రామపు ఉమ్మడి ఆస్తి. దానిని వ్యర్థపుచ్చు హక్కు అధికారికి లేదు, కాపరికిని లేదు. చదువుకొన్న గ్రామ యువకులు ఈ తొలకరికి త్రాసు చేతబట్టి మందల కడకు బోవుదురు గాక!