ఐపీ పెట్టినవాడికీ ఇల్లుంటుంది

కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల మంత్రి గారికి,

దివాలా స్మృతి 2016లో వచ్చింది. అందులో వ్యక్తుల కోసం రాసిన మూడో భాగం 2019 డిసెంబరు నుంచి కంపెనీ అప్పులకు హామీ ఉన్నవారికే అమలవుతోంది. గుంటూరులోనో వరంగల్‌లోనో చిన్న వ్యాపారి చితికిపోతే నేటికీ 1920 నాటి దివాలా చట్టం కిందే ఐపీ (దివాలా పిటిషన్) దాఖలు చేయాలి.

ఆ ఐపీ చేబదుళ్లవాళ్లను ఆపుతుందేమో గానీ, ఇల్లు తాకట్టు పెట్టుకున్న బ్యాంకును ఆపదు. వాయిదాలు తప్పి ఖాతా మొండిబాకీ అయితే సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు, ఆపైన స్వాధీనం. జీతం జప్తుకైతే హద్దుంది: మొదటి వెయ్యి, మిగతాదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. తాకట్టులో ఉన్న ఇంటికి ఆపాటి దయ కూడా లేదు.

పోనీ, స్మృతిలో చిన్న అప్పుల మాఫీకి రాసిన 'కొత్త ఆరంభం' అమల్లోకి వస్తే? ఏడాది ఆదాయం 60,000 రూపాయలు, అప్పు 35,000 దాటకూడదట. సొంతిల్లు ఉంటే, అది తాకట్టులో ఉన్నా అనర్హులేనట. ఎవరిని ఊహించుకుని రాశారో!

మూడో భాగాన్ని అందరికీ వర్తింపజేయండి. ఆ పరిమితులు పెంచండి. కోర్టు ఒప్పుకున్న ప్రణాళిక ప్రకారం ఆదాయంలోంచి వాయిదా కడుతున్నంతకాలం ఇంటి వేలం ఆగేలా నిబంధన చేర్చండి.

ఇట్లు,
జిల్లా కోర్టు న్యాయవాది ఒకరు