ఇంగ్లీషు తొలిపాఠము

ధవళేశ్వరము ఆనకట్టనుండి జూన్ మాసమున కాలువలకు నీరు వదలు దినములలోనే గోదావరి మండలములలో బడులును తెరువబడును. తండ్రి నారుమడి దున్నుచుండగా బిడ్డ పుస్తకముల సంచితో బడికి పోవును. ఆ బిడ్డకు నేడు మొదట ఎదురగు కష్టము ఇంగ్లీషు. ఏ మాధ్యమమున చదువు చెప్పవలెనను వాదము మన రాష్ట్రమున కొన్ని సంవత్సరములుగా శాసనసభలోను న్యాయస్థానములోను సాగినది. తరగతిలో ఇంగ్లీషు తొలిపాఠము ఎట్లు చెప్పవలెనను ప్రశ్నకు మాత్రము తగినంత విచారణ జరుగలేదు. మా యభిప్రాయమున అసలు ప్రశ్న అదియే.

జరిగిన సంగతులను ముందుగా జ్ఞప్తికి తెచ్చుకొందము. ప్రభుత్వ పాఠశాలలలో 1 మొదలు 6వ తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమమునే ప్రవేశపెట్టవలెనని 2019 నవంబరులో ఉత్తరువులు వెలువడినవి. 2020 ఏప్రిల్ 15వ తేదీన రాష్ట్ర ఉన్నత న్యాయస్థానము వానిని కొట్టివైచినది. సాధ్యమైనంతవరకు బోధన మాతృభాషలోనే జరుగవలెనని 2009 నాటి విద్యాహక్కు చట్టము చెప్పుచున్నది. పిదప ప్రభుత్వమువారు తల్లిదండ్రుల యిష్టము నడుగగా అత్యధికసంఖ్యాకులు ఇంగ్లీషునే కోరిరి. ఒకవైపు తెలుగు, ఎదుటి పుటలో ఇంగ్లీషు గల ద్విభాషా పుస్తకములు బడులకు వచ్చినవి. 2023లో అమెరికా సంస్థతో ఒడంబడిక చేసికొని టోఫెల్ పరీక్షలను పిల్లలకు పెట్టిరి. 2024లో ప్రభుత్వము మారిన పిమ్మట ఆ యేర్పాటు సాగలేదు. ఇన్ని మార్పుల నడుమ తరగతిలో వెనుకబెంచీపై కూర్చున్న బిడ్డ నోరు తెరచి ఒక్క ఇంగ్లీషు వాక్యము పలికెనా యని అడిగినవారు అరుదు.

తల్లిదండ్రుల కోరికను పరిహసించుటకు మేము సిద్ధముగా లేము. కోనసీమనుండియు, నరసాపురము ప్రాంతమునుండియు ఎందరో పేద స్త్రీలు కువైటు, మస్కటు మొదలగు చోట్లకు ఇంటిపనికై పోవుచున్నారు. తాము చేవ్రాలు చేసిన కాగితములో ఏమున్నదో తెలియని తల్లి తన కూతురికి ఆ గతి పట్టరాదనుకొనుట నేరమా? తమ సంతానమును పెద్దరుసుము లిచ్చి ఇంగ్లీషు బడులకు పంపుచు, కూలివాని బిడ్డకు మాత్రము మాతృభాషామాహాత్మ్యమును బోధించు పెద్దల మాటకు విలువ యుండదు. చదువుకై త్యాగము చేయుట ఈ సీమవారికి క్రొత్త కాదు. 1850 దశకములో సబుకలెక్టరు టైలరు నరసాపురము ప్రాంతమున దేశభాషా పాఠశాలలకు పూనుకొన్నప్పుడు, శిస్తుపై కొంత అదనముగా చెల్లించి గ్రామములలో బడులు నిలుపుటకు రైతులు సమ్మతించిరి. ఆ రైతుల మనుమల మనుమలే నేడు ఇంగ్లీషు కావలెననుచున్నారు.

కోరిక న్యాయమైనదే. దానిని తీర్చుటకు ఎన్నుకొన్న మార్గము సరియైనదా? ఇంగ్లీషు వచ్చుట వేరు, రాని ఇంగ్లీషులో లెక్కలు, ప్రకృతిశాస్త్రము వినుట వేరు. అర్థముకాని భాషలో భాగహారము చెప్పినచో బిడ్డకు భాగహారమును రాదు, భాషయు రాదు. గోదావరి రైతు విత్తనములను మొదట నారుమడిలో పెంచి, వేళ్లూనిన పిదప పొలములో నాటును. పసిబిడ్డకు తెలుగు నారుమడి వంటిది. ఆలోచన అక్కడ వేరూనవలెను.

మేము చిన్ననాడు చదివిన బడిలో ఇంగ్లీషు పాఠమనగా నల్లబల్ల మీది వాక్యములను పలుమార్లు వ్రాయుటయే. ఉపాధ్యాయుడు చదువును, మేమందరము ఒక్క గొంతుతో అరచుదుము, గంట మ్రోగును. సంవత్సరాంతమున చేతివ్రాత చక్కబడినది గాని, రైలుబండిలో ఎవరైనను పేరడిగిన జవాబు చెప్పు ధైర్యము రాలేదు. నేటి బడులలో బల్లలు మారినవి, గోడలకు రంగులు వచ్చినవి. పాఠము మాత్రము పెక్కుచోట్ల నాటిదే.

తొలిపాఠము చెవితో ఆరంభము కావలెను. బిడ్డకు తెలిసిన ఇంగ్లీషు ఇదివరకే కొంత కలదు: బస్సు, రైలు, పెన్ను, లైటు, టిక్కెట్టు, డాక్టరు. వీనిని బల్లపై వ్రాయించక మునుపే పలికించి, ఇవి నీకు వచ్చినవే యని చెప్పినచో సగము భయము తొలగును. పిదప ఉపాధ్యాయుడు 'కమ్', 'గో', 'సిట్', 'గివ్' అని ఆజ్ఞలిచ్చుచు తానే చేసి చూపవలెను. పిల్లలు లేచి నడచి, తెచ్చి, ఇచ్చి అర్థము గ్రహింతురు. మాటాడుమని వెంటనే నిర్బంధింపరాదు. శిశువు తల్లిమాటలను ఎన్నో నెలలు విన్న తరువాతనే గదా పలుకును! అమెరికాలో జేమ్స్ ఆషర్ అను పండితుడు 1960 దశకములో ఈ సూత్రముపైననే ఒక బోధనాపద్ధతిని నిర్మించెను.

ఉపకరణములకు పట్టణమునకు పోనక్కరలేదు. కొబ్బరికాయ, అరటిహస్తము, వల, బుట్ట, చెంబు బల్లమీద పెట్టి, గుడ్డ కప్పి, ఒకటి తీసివైచి ఏది పోయినదో చెప్పుమనవలెను. మన పొడుపుకథ పద్ధతిని ఇంగ్లీషులోనికి తేవలెను. రావులపాలెపు అరటి సంతను తరగతిలోనే పెట్టి, ఒక బిడ్డ అమ్మువాడుగా, ఒక బిడ్డ కొనువాడుగా బేరమాడింపవలెను. ఎంత, ఎన్ని, నాకిమ్ము అను నాలుగు మాటలలో నెలరోజుల వ్యాకరణము దాగియున్నది. ఇది ఆట గదా, చదువెక్కడిదని ఆక్షేపించువారు కలరు. నలుబదిమంది ఒక్కసారిగా అరచునప్పుడు ఎవరికి వచ్చినదో ఎవరికి రానిదో తెలియదు. ఇద్దరిద్దరు మాటాడునప్పుడు ప్రతి బిడ్డ నోరు తెరువక తప్పదు.

తెలుగు బిడ్డకు ఇంగ్లీషు ఎక్కడ అడ్డుపడునో ఉపాధ్యాయునికి తెలిసియుండవలెను. మన వాక్యమున క్రియ చివర వచ్చును, వారి వాక్యమున నడుమ నిలుచును. మన విభక్తి నామము వెనుక నడచును, వారి ప్రత్యయము ముందు నడచును. మన అక్షరము పలుకునట్లే వ్రాయబడును, వారి అక్షరము వ్రాత కొకటి పలుకుట కొకటి. ఈ భేదములను రెండు తెలుగు మాటలలో చెప్పివైచిన ఉపాధ్యాయుడు గంటసేపటి గందరగోళమును తప్పించును. తరగతిలో తెలుగు వినబడిన జరిమానా విధించు బడులు తమ చేతిలోని దీపమును తామే ఆర్పుకొనుచున్నవి.

ఇందులో మనకు పూర్వులు చూపిన త్రోవ కలదు. శతాబ్దము క్రిందట విశాఖపట్టణ మండలమున పాఠశాలల అధికారియైన యేట్సు దొర భాషాబోధన విషయమున లేవదీసిన ప్రశ్నలే గిడుగు రామమూర్తి పంతులుగారిని వాడుకభాషోద్యమమునకు పురికొల్పినవి. ఆ గిడుగువారే సవరభాష నేర్చి, సవర బిడ్డలకు వారి భాషలోనే వాచకములు వ్రాసిరి. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఇంగ్లీషు నేర్చి తెచ్చిన ధనమునంతయు తెలుగునకే సమర్పించిరి. దక్షిణాపథమున 1979 మొదలు ఐదేండ్లు ప్రభుగారు బెంగుళూరు, మద్రాసు ప్రాంతపు సామాన్య పాఠశాలలలో, వ్యాకరణపాఠము మాని, పటములు, రైలు వేళల పట్టికలు, చిక్కు ప్రశ్నల ద్వారా ఇంగ్లీషు నేర్పి చూపిరి. ఆ ప్రయత్నమును ప్రపంచమంతయు చదివినది.

కావున మేము కోరునది అసాధ్యమైనది కాదు. మొదటి రెండేండ్లు ఇంగ్లీషును భాషగా, ప్రధానముగా నోటిమాటగా నేర్పవలెను. తక్కిన విషయములు తెలుగులో సాగవలెను. పరీక్షలో వ్రాతకు తోడు మాటకును మార్కు లుండవలెను. పరీక్షింపని దానిని ఏ బడియు నేర్పదు. బొమ్మూరు, దూబచర్ల శిక్షణసంస్థలు ఉపాధ్యాయులకు ఉపన్యాసము లిచ్చుటకు మారుగా, పల్లెబడిలో పాఠము చెప్పి చూపవలెను. తనకే ఇంగ్లీషు మాటాడ సంకోచించు ఉపాధ్యాయుని నిందింపక, అతని జంకును ముందు తీర్చవలెను. ఒకే ఉపాధ్యాయుడు ఐదు తరగతులను మోయు బడిలో ఏ పద్ధతియు ఫలింపదని గ్రహించి, అట్టి బడులకు రెండవవాని నీయవలెను.

ఇంగ్లీషు మనకు పనిముట్టు. పనిముట్టును పట్టుట నేర్పక చేతికిచ్చినచో చెయ్యి తెగును. మన పేదవాని బిడ్డ ఆ పనిముట్టును ధైర్యముతో పట్టవలెను, తన తల్లిభాషకు సిగ్గుపడకుండ పట్టవలెను. రాబోవు జూన్ మాసమున కాలువకు నీరు వచ్చునప్పుడు, పల్లెబడి తరగతిలోనుండి భయములేని బిడ్డల మాటలు వినబడినచో, ఇన్నాళ్ల వాదమునకు అదియే తగిన సమాధానము.