బెత్తానికి కులం తెలుసు

పిల్లల్ని కొట్టకుండా, తిట్టకుండా చదువూ నడతా నేర్పడాన్ని సానుకూల క్రమశిక్షణ అంటున్నారు. పేరు పెద్దది. మా గేరిలో ఈ మాట చెప్తే ఒక పెద్దమ్మ "అదేందబ్బా, పిల్లోళ్లను కొట్టొద్దు అంటే సరిపోదా?" అనింది. ఆమె మాటే మాకూ బాగుంది. నంద్యాల, ఆళ్ళగడ్డ పల్లెల్లో ప్రతి పంతులుకూ, ప్రతి తల్లికీ తండ్రికీ ఈ శిక్షణ ఇవ్వాలని మేము అడుగుతున్నాం. అయితే ఆ శిక్షణలో కులం ఊసెత్తకుండా, పిల్లలంతా దేవుళ్లని రెండు గంటలు ఉపన్యాసం చెప్పి, టీ బిస్కెట్లు పంచి, సంతకాలు తీసుకొని పంపించే పనైతే మాకు అక్కర్లేదు.

చట్టం లేక కాదు ఈ దెబ్బలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002 ఫిబ్రవరిలోనే జీవో 16 ఇచ్చి బడిలో కొట్టడాన్ని నిషేధించింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ఒంటిమీద దెబ్బతో పాటు మనసును హింసించడాన్నీ నిషేధించింది. చేసినవాళ్ల మీద సర్వీసు రూల్స్ కింద చర్య తీసుకోవాలంది. ఈ రెంటికీ నడుమ 2007లో కేంద్ర ప్రభుత్వం మన రాష్ట్రంతో కలిపి 13 రాష్ట్రాల్లో చేయించిన సర్వే బయటికొచ్చింది. బడికిపోయే పిల్లల్లో ముగ్గురికి ఇద్దరు మేము దెబ్బలు తిన్నామని చెప్పారు. జీవో బీరువాలో ఉంది, బెత్తం టేబుల్ మీద ఉంది.

ఆ బెత్తం అందరి మీదా ఒకే తీరుగా పడుతుందా? పత్తి తీతకు తల్లి తెల్లారకముందే పోతే, చంటిబిడ్డను చూసుకొని ఆలస్యంగా వచ్చే ఆడపిల్ల ఎవరు? ఉన్న ఒక్క యూనిఫాం ఉతికితే ఆరక తడిగుడ్డతో వచ్చేది ఎవరు? మిరప కోతలకు అమ్మానాయనల వెంట గుంటూరు వైపు పోయి, రెండు నెలల తర్వాత వచ్చి, పాఠం అందక దిక్కులు చూసేది ఎవరు? ఆలస్యమైతే గోడకుర్చీ, హోంవర్కు లేకుంటే తొడపాశం, మురికి బట్టలకు మోకాళ్ల మీద నిలబెట్టడం. ఇవన్నీ పేదరికానికి వేసే శిక్షలు. పేదరికం ఏ గేరిలో కాపురముంటుందో పంతులుకు తెలుసు. కరణం మనవడు హోంవర్కు మరిస్తే "ఏం నాయనా, ఒంట్లో బాగలేదా?" మన పిల్లోడు మరిస్తే "ఎనుములు కాసుకోపోరా, నీకెందుకురా చదువు?" ఈ రెండో మాటకు వాత తేలదు. అందుకే దానికి ఫిర్యాదూ ఉండదు. ఆ పిల్లోడు మరుసటేడు నిజంగానే ఎనుముల వెంట కనిపిస్తాడు. అప్పుడు రిజిస్టర్లో డ్రాపౌట్ అని రాస్తారు.

బాబాసాహెబ్ అంబేడ్కర్ చిన్నప్పుడు బడిలో గోనెపట్టా మీద విడిగా కూర్చున్నారు. ప్యూను వచ్చి కుళాయి తిప్పితేనే నీళ్లు, ప్యూను రాకుంటే దాహమే. ఆ సంగతి ఆయనే రాసుకున్నారు. అది వందేళ్లు దాటిన మాట కదా అంటారా? 2022 ఆగస్టులో రాజస్థాన్ జాలోర్ జిల్లాలో తొమ్మిదేళ్ల దళిత పిల్లవాడు చనిపోయాడు. కుండలో నీళ్లు తాగినందుకు పంతులు కొట్టాడని కుటుంబం ఫిర్యాదు చేసింది, పంతులును అరెస్టు చేశారు. ఆ బడిలో ఏం జరిగిందో కోర్టు తేల్చాల్సిందే. అట్లాంటి ఫిర్యాదు వింటే మన గేరిలో ఒక్కరు కూడా "అట్లా జరుగుతుందా?" అని ఆశ్చర్యపోలేదు. మేము చెప్పేది దాని గురించే.

ఇక మన వైపు తప్పు చెప్పుకోవాలి. బడికి పోయి "కండ్లు వదిలిపెట్టి యాడన్నా కొట్టండి సార్, వానికి నాలుగు అక్షరాలు వస్తే చాలు" అని మొక్కేది మనమే. ఎందుకు? మన తాతలు జీతాలకుండి ఆసామి కర్ర కింద బతికారు. దెబ్బ తినకుండా ఏదైనా దక్కుతుందన్న నమ్మకం వాళ్లకు లేదు, మనకూ రాలేదు. చేలో తిన్న దెబ్బ సాయంత్రం గుడిసెలోకొస్తుంది. మగడు పెండ్లాన్ని, పెండ్లాం బిడ్డను. ఆసామి కర్ర మీద తిరగబడాలని కారంచేడు నుంచి, చుండూరు నుంచి చెబుతూ వస్తున్నాం. మన ఇంటి చూరులో చెక్కిన కర్ర సంగతి మాట్లాడం. మన కులంలో పుట్టి పంతుళ్లయిన వాళ్లూ కొడుతున్నారు. "మేము దెబ్బలు తినే ఉద్యోగస్తులమైనాం" అంటారు. అన్నా, నీతోపాటు ఒకటో తరగతిలో చేరి దెబ్బలకు జడిసి బడి మానేసినవాళ్లు ఎంతమంది? వాళ్లు పత్తి చేలల్లో ఉన్నారు, వాళ్లనూ ఒకసారి అడుగు.

ఆళ్ళగడ్డ కాబట్టి పంతుళ్లకు ఒక సామెత చేతికందుతుంది: ఉలి దెబ్బ తింటేనే రాయి శిల్పమవుతుందని. ఆ ఊరి శిల్పుల పని దగ్గర కాసేపు నిలబడి చూడండి సార్. శిల్పి ముందు రాయిని చూస్తాడు, తట్టి శబ్దం వింటాడు, గీత గీస్తాడు, ఆ తర్వాతే ఉలి పెడతాడు. కోపంతో కొట్టేవాడు కాడు. మన పిల్లల్లో కొందరి పూర్తి పేరు కూడా మీకు తెలియదు. పైగా రాయికి ఆకలి కాదు, సిగ్గు లేదు, బడి మానేసి పోదు.

పంతుళ్ల కష్టం మాకు తెలియదా? ఒకే పంతులు ఐదు తరగతులు, పైనుంచి రోజుకో లెక్క అడిగే అధికారులు. పంతుళ్లను వేయమని మేమూ కొట్లాడతాం. ఆ కోపం మాత్రం మా బిడ్డ వీపు మీద చూపించొద్దు. శిక్షణలో నేర్పాల్సింది ఇదీ: ఆలస్యంగా వచ్చిన బిడ్డను అందరి ముందు నిలబెట్టకుండా పక్కకు పిలిచి ఎందుకని అడగడం. తరగతి కట్టుబాట్లు పిల్లలతోనే చెప్పించి గోడ మీద రాయించడం. పనులు వంతులవారీగా ఇవ్వడం, చీపురు ఎప్పుడూ మన పిల్లలకే, నోటు పుస్తకాలు పంచే పని ఎప్పుడూ వాళ్ల పిల్లలకే కాకుండా. కులం పేరుతో పిలవడం కూడా కొట్టడమేనని, పదిమందిలో అట్లా తిడితే 1989 నాటి అట్రాసిటీ చట్టం ఉందని పంతుళ్లకు మొదటి రోజే చెప్పాలి.

తల్లిదండ్రుల శిక్షణ పగలు పదకొండు గంటలకు మండలాఫీసులో పెడితే ఎవరొస్తారు? కూలి పోతుంది. చీకటి పడినాక గేరిలో, అంబేడ్కర్ బొమ్మ దగ్గర పెట్టండి. ఆడవాళ్లు ఎక్కువమంది రావాలి, అన్నం వండుకొని వచ్చే వేళ కావాలి.

సర్కారు బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని విద్యాహక్కు చట్టం చెప్తోంది. సగం ఆడవాళ్లు, బలహీనవర్గాలకు బడిలో ఉన్న పిల్లలను బట్టి వాటా. ఇన్నాళ్లూ మన చేత వేలిముద్ర వేయించుకొని నడిపించారు. ఫిర్యాదుకు కర్నూలు దాకా పోయే బాధ కూడా 2022 ఏప్రిల్‌తో తప్పింది, నంద్యాలే జిల్లా కేంద్రం. వచ్చే కమిటీ మీటింగుకు ప్రతి గేరి నుంచి పదిమందిమి పోదాం. ఈ బడిలో బెత్తం ఉండదు, కులం పేరుతో పిలుపు ఉండదు అని మినిట్స్ పుస్తకంలో రాయిద్దాం. రాసింది గట్టిగా చదివి వినిపించమందాం. విన్నాకనే వేలిముద్ర.

జై భీమ్!