బోగస్ బిల్లుల మూలం పట్టాలంటే మనుషులు కావాలి



సిమెంటు బస్తా కొన్నా, చెప్పులు కొన్నా మనం జీఎస్టీ కడుతున్నాం. ఆ సొమ్మును మధ్యలో కాజేసే దందా ఎలా నడుస్తోందో చూడండి. ఓ కూలీ చేతిలో నాలుగు రూపాయలు పెట్టి అతని ఆధార్, పాన్, కరెంటు బిల్లు తీసుకుంటారు. వాటితో జీఎస్టీ నంబరు పుడుతుంది. తూకం ఉండదు, లారీ కదలదు, ఇనుప స్క్రాప్ అమ్మినట్టు కోట్ల రూపాయల బిల్లులు మాత్రం పుట్టుకొస్తాయి. వాటిని కొన్నవాడు, సరుకు కొన్నప్పుడే పన్ను కట్టేసినట్టు ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ చూపి తన పన్ను ఎగ్గొడతాడు. కొన్నాళ్లకు సంస్థ మాయం. నోటీసు కూలీ గుమ్మానికి వస్తుంది.

చాలావరకు దీన్ని మొదట్లోనే ఆపొచ్చు, రిజిస్ట్రేషన్ దరఖాస్తులో ఇచ్చిన చిరునామాకు ఒకసారి వెళ్లి చూస్తే. కానీ ఆధార్ ధ్రువీకరణ పూర్తయిన మామూలు దరఖాస్తుపై 7 పనిదినాల్లో అధికారి ఏదీ తేల్చకపోతే రిజిస్ట్రేషన్ ఇచ్చినట్టే లెక్క. నిజాయతీ వ్యాపారికి ఆలస్యం కాకూడదని పెట్టిన మంచి నిబంధన అది. పన్ను శాఖ సర్కిల్‌లో తిరిగి చూసే మనిషే లేకపోతే దొంగకూ అదే వరమవుతుంది.

అమ్మినవాడు దొరకనప్పుడు ఎవరిని పట్టుకుంటారు? బోర్డు, దుకాణం ఉన్నవాణ్ని. సరుకు తెచ్చుకుని, పన్నుతో సహా చెల్లించిన చిన్న వ్యాపారిని, "మీకు అమ్మినవాడు పన్ను జమచేయలేదు, ఆ క్రెడిట్ వెనక్కి కట్టండి" అంటారు. మూలం దాకా వెళ్లే తీరిక లేని శాఖకు ఇదే సులువు. ఇది అన్యాయం.

కేంద్ర జీఎస్టీ నిఘా విభాగం డీజీజీఐ 2023-24లో 6,084 కేసుల్లో 2.01 లక్షల కోట్ల రూపాయల ఎగవేతను గుర్తించింది. అందులో ఆన్‌లైన్ గేమింగ్ సంస్థలపై వివాదాలదే పెద్ద వాటా. అయినా ఆ ఏడాది పన్నుదారులు స్వచ్ఛందంగా చెల్లించింది 26,605 కోట్లు! పన్ను శాఖపై పెట్టే ఖర్చు ఎలా తిరిగి వస్తుందో అమెరికా లెక్క చూడండి: అక్కడి పన్ను శాఖకు పదేళ్లలో 8,000 కోట్ల డాలర్లు అదనంగా ఇస్తే 20,000 కోట్ల డాలర్లకు పైగా తిరిగి వస్తుందని 2022లో అమెరికా కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం అంచనా కట్టింది. దర్యాప్తు అధికారి జీతాన్ని దండగ ఖర్చు కింద రాసుకోవడం తప్పుడు లెక్క.

మన దగ్గర జరుగుతున్నదేమిటి? అసిస్టెంట్ కమర్షియల్ ట్యాక్స్ ఆఫీసర్ పోస్టులున్న తెలంగాణ గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబరులో వచ్చింది. పరీక్ష జరిగింది 2024 డిసెంబరులో. ఇటు 2024-25 నుంచి పన్ను నోటీసు ఇవ్వడానికి చట్టం ఇచ్చిన గడువు, వార్షిక రిటర్ను దాఖలుకు ఆఖరి తేదీ నుంచి 42 నెలలే. పరీక్షకే రెండేళ్లు పోతే కేసు ఎవరు కట్టాలి?

సిబ్బంది పెరిగితే వేధింపులూ పెరుగుతాయని దుకాణదారులు భయపడుతున్నారు. ఆ భయానికి కారణం ఉంది. అందుకే కొత్తగా వచ్చేవారిని బోగస్ సంస్థల గొలుసును ఛేదించే పనికే కేటాయించాలి. వారిలో ఖాతాల ఆడిట్, డేటా విశ్లేషణ తెలిసినవారు ఉండాలి. ప్రతి నోటీసుపైనా ఆన్‌లైన్‌లో సరిచూసుకోగల గుర్తింపు సంఖ్య వేయాలి. సరుకు వచ్చినట్టు, బ్యాంకు ద్వారా డబ్బు చెల్లించినట్టు రుజువు చూపిన కొనుగోలుదారును వదిలి, ముందు అమ్మినవాడి వెంట పడాలి.

బడ్జెట్ సమావేశాలకు ముందే మీ ఎమ్మెల్యేను కలవండి. వాణిజ్య పన్నుల శాఖలో ఖాళీలెన్ని, ఎప్పటిలోగా నింపుతారు, గుర్తించిన ఎగవేతలో ఖజానాకు చేరిందెంత అని సభలో అడగమనండి. రాతపూర్వకంగా జవాబు రాబట్టమనండి.