శౌచవిధియు శీలవిధియు

బైబిలునందలి స్త్రీపురుష నీతి రోగభయమునుండి పుట్టినదని కొందఱు తలంతురు. ఈ యూహ కేవలము నిరాధారమని మేము చెప్పజాలము. లేవీయకాండము 15వ అధ్యాయము స్రావముగలవాని పడకను ముట్టినవారు బట్టలుదుకుకొని స్నానము చేయవలెననియు, స్వస్థుడైనవాడు 7 దినములు లెక్కించుకొని పాఱునీట స్నానమాడవలెననియు విధించుచున్నది. సెగరోగపు సూక్ష్మజీవిని ఆల్బర్ట్ నైసర్ 1879లో కనుగొనుటకు ఎన్నో శతాబ్దములకు పూర్వపు విధి యిది.

అయినను ఆ అధ్యాయమే ఆరోగ్యవంతులైన దంపతుల సంగమమునకును సాయంకాలమువఱకు అశుచిని చెప్పుచున్నది. స్రావమునకు స్నానమును బలియునే గాని దండన లేదు. వ్యభిచారమునకన్ననో 20వ అధ్యాయము మరణదండన విధించినది. 18వ అధ్యాయము చూపిన కారణమును రోగము కాదు. ఐగుప్తు, కనాను దేశముల ఆచారముల ననుసరింపరాదనుటయే.

కావున ఆరోగ్యము ఆ నీతికి ఫలమేగాని వేరు కాదని మా యభిప్రాయము. ఈ భేదము స్వల్పము కాదు. సవాయిరోగమునకు 1943లో పెనిసిలిన్ చికిత్స మొదలైనది. రోగభయమే పునాదియైనచో ఆనాడే నీతి కూలవలసినది గదా! మఱియు రోగినెల్ల పాపియని నిందించుటకు దారి యేర్పడును. భర్తవలన రోగము సోకిన యిల్లాలు చేసిన పాపమేమి?

విద్యార్థులారా! దేహమును శుచిగా నుంచుకొనుడు, రోగిని దూషింపకుడు, ఔషధమున్నను లేకున్నను ఇచ్చిన మాట తప్పకుడు.